కూరగాయల్లో గకారం, బెర్హాయెల్‌లో బకారం

అందరికీ నమస్కారం. ముందుగా ఒక చిన్న ప్రశ్న. కూర, కాయ, ఈ రెండూ కలిస్తే ఏమవుతుంది? కూరకాయ అనం. కూరగాయ అంటాం. అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. కకారం గకారమైంది, తకారం దకారమైంది. బడిలో దీన్ని గసడదవాదేశం అని చదువుకున్నాం, మార్కులు తెచ్చుకున్నాం, మర్చిపోయాం. అసలు ఎందుకు మారింది అని మాత్రం అడగలేదు. పరుషానికి, అంటే క, చ, ట, త, ప లకి, ముందూ వెనకా అచ్చులే ఉన్నాయి. అచ్చు పలుకుతున్నప్పుడు గొంతులో నాదం మోగుతూ ఉంటుంది. మధ్యలో ఒక్క హల్లు కోసం ఆ నాదాన్ని ఆపి, మళ్లీ మొదలుపెట్టాలి. అంత శ్రమ ఎందుకని నోరు నాదాన్ని అలాగే కొనసాగించేస్తుంది. అంతే. క కాస్తా గ అయింది.

ఇప్పుడు బోర్డు మీద రాస్తున్న మాట చూడండి. వెనక ఉన్నవాళ్లకి కనబడుతోంది కదా? పెర్హాయెల్. ఇది ఒక మనిషి పేరు. దీని ముందు 'అ' అని ఒక చిన్న మాట పెట్టాలి, దానికి 'మరియు' అని అర్థం. అప్పుడు 'అ పెర్హాయెల్' అనరు, 'అ బెర్హాయెల్' అంటారు. పకారం బకారమైంది. ముందు అచ్చు, వెనక అచ్చు, మధ్యలో పరుషం. మన కూరగాయల సంగతే ఇది. కానీ ఈ భాష ఏ ఊళ్లోనూ లేదు. దీని పేరు సిందారిన్. ఆక్స్‌ఫర్డ్‌లో పాఠాలు చెప్పుకునే ఒక ఆచార్యుడు, 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' నవల రాసిన జె. ఆర్. ఆర్. టోల్కీన్, కూర్చుని కల్పించిన భాష.

ఈరోజు మాట్లాడబోయేది దాని గురించే. కల్పిత భాషలో చారిత్రక ధ్వని మార్పులు. భాషే కల్పితమైతే దానికి చరిత్ర ఏమిటి అని మీకు అనిపించవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 1887లో జామెన్‌హాఫ్ ఎస్పెరాంతో అనే కల్పిత భాషని ప్రకటించాడు. దానికి పూర్వ చరిత్ర అక్కర్లేదు, ఆయన కోరుకున్నది సులువుగా నేర్చుకోగల భాష. టోల్కీన్‌కి కావలసింది వేరు. చదవగానే 'ఇది వేల ఏళ్లుగా జనం నోళ్లలో నలిగిన మాట' అనిపించాలి. ఆ నలుగుడు ఎలా తేవాలి? నలిపితేనే వస్తుంది. అందుకని ముందు ఒక మూలభాష కట్టాడు, దానికి ధ్వని సూత్రాలు రాశాడు, ఒక్కో మాటనీ ఆ సూత్రాల గుండా నడిపించాడు. ఒకే మూలం, రెండు దారులు. ఒక దారిలో క్వెన్యా, ఇంకో దారిలో సిందారిన్. మనకి మూలద్రావిడం, దాన్నుంచి తెలుగు ఒక దారి, తమిళం ఒక దారి ఉన్నట్టే.

క్వెన్యా పదకోశం 1915లో మొదలైంది. ఫిన్నిష్ భాష నాదం మీద ఇష్టంతో కట్టిన భాష అది. సిందారిన్‌కి వెల్ష్ భాష ఆదర్శం. టోల్కీన్ మరణం 1973లో. అంటే యాభై ఏళ్లకి పైగా ఈ మాటల్ని దిద్దుతూనే ఉన్నాడు. 1919, 1920ల్లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో పదాల పుట్టుక రాసే పని చేసినవాడు కూడా. భాషాచరిత్ర ఆయనకి రోజువారీ వృత్తి.

ఒక్క మాట ముందే చెప్పాలి, లేకపోతే తికమక పడతారు. ఈ భాషల్లో త, ద అన్నవి దంత్యాలే, మన తకార దకారాల్లాగే. అందుకే ఆయన కథలోని దేశం పేరు మొర్డోర్ అనకుండా మొర్దోర్ అంటున్నాను. అలాగే నేను బోర్డు మీద ధ అని రాస్తే అది మన ఒత్తు ధకారం కాదు. నాలుక కొసని పళ్లకి తాకీ తాకనట్టు పెట్టి, గాలి జారనిస్తూ పలికే దకారం. ఇంగ్లీషువాళ్లు 'దిస్', 'దట్' అన్నప్పుడు వచ్చేది. థ కూడా అంతే, దానికి నాదం ఉండదు. ఒకసారి అందరూ పలికి చూడండి. గాలి ఆగకూడదు, జారాలి. సరే.

ఇక అసలు విషయం. వరస. ధ్వని మార్పుల్లో ఏ మార్పు అన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు అన్నది అంతకంటే ముఖ్యం. ఈ ఒక్కటీ ఇవాళ గట్టిగా పట్టుకోండి.

నాన్న అన్న మాటకి మూలం అతర్. క్వెన్యాలో అతర్‌గానే ఉంది. సిందారిన్‌లో అదర్. అచ్చుల మధ్య తకారం దకారమైంది. బాగుంది. చెట్టుకి మూలం గలదా. సిందారిన్‌లో గలధ్. అచ్చుల మధ్య దకారం, ఆ గాలి జారే ధకారమైంది, చివరి అచ్చు రాలిపోయింది. ఇదీ బాగుంది. ఇప్పుడు రెండు సూత్రాలున్నాయి. ఒకటి, అచ్చుల మధ్య త కాస్తా ద అవుతుంది. రెండు, అచ్చుల మధ్య ద కాస్తా ధ అవుతుంది. ఈ వరసలోనే నడిపిద్దాం. అతర్ తీసుకోండి. మొదటి సూత్రంతో అదర్. ఇప్పుడు రెండో సూత్రం దగ్గరికి వచ్చింది. అచ్చుల మధ్య దకారం ఉందా? ఉంది. ఊరుకుంటుందా? ఊరుకోదు. అధర్ అయిపోతుంది. కానీ మనకి కావలసింది అదర్. మరి తప్పు ఎక్కడ? సూత్రాల్లో లేదు. వరసలో ఉంది. ముందు పాత దకారాలన్నీ ధకారాలై పక్కకి తప్పుకోవాలి. ఆ తర్వాతే తకారాలు వచ్చి ఖాళీ అయిన దకారం చోటులో కూర్చోవాలి. బస్సులో దిగేవాళ్లు దిగాక ఎక్కేవాళ్లు ఎక్కినట్టు. అలా నడిస్తే అదర్, గలధ్ రెండూ సరిగ్గా వస్తాయి.

ఇది దంత్యాల్లోనే ఆగదు, గొలుసుకట్టుగా ఉంటుంది. కంఠ్యాల సంగతి చూడండి. అచ్చుల మధ్య గకారం బలహీనపడి, బలహీనపడి, పూర్తిగా మాయమైంది. ఆ చోటులోకి కకారం దిగి గకారమైంది. కకారం ఖాళీ చేసిన చోటులోకి మరి ఎవరు రావాలి? ద్విత్వం, అంటే క్క. అది కూడా ఒక మెట్టు దిగింది, కానీ ఇంకో పక్కకి. గొంతు వెనక నుంచి గాలి రాసుకుంటూ వచ్చే ఖకారమైంది. గుర్రానికి మూలం రొక్కో. క్వెన్యాలో రొక్కొ. సిందారిన్‌లో రొఖ్. రోహన్ అన్న దేశం పేరు విన్నారు కదా, గుర్రాల దేశం? దాని పాత రూపం రొఖంద్. మొదట్లో ఉన్నది ఈ రొఖ్. అలాగే త్త అన్నది థ అయింది. గుహకి మూలం గ్రొత్తా, సిందారిన్‌లో గ్రొథ్. మెనెగ్రొథ్ అంటే వేయి గుహలు. మూడు మెట్లు, ముగ్గురూ తలా ఒక మెట్టు దిగారు, ఎవరూ ఎవరి మీదా పడలేదు. వరస తప్పిందా, ఒకరి మీద ఒకరు పడతారు. వేర్వేరు మాటలు ఒకేలా వినబడతాయి.

మన గసడదవలతో పోల్చి చూడండి, ఇక్కడ ఒక తేడా ఉంది. మన దగ్గర వాడు, పోయె కలిస్తే వాడు వోయె అని కావ్యాల్లో చూస్తాం. అంటే మన పకారం ఏకంగా వకారం దాకా వెళ్లిపోతుంది. సిందారిన్ పకారం బకారం దగ్గరే ఆగుతుంది, వకారం దాకా వెళ్లేది పాత బకారం. అచ్చుల మధ్య మెత్తబడటం అన్నది ఒకటే ప్రవృత్తి, ఎన్ని మెట్లు దిగాలో ప్రతి భాషా తన లెక్క తను వేసుకుంటుంది. మీరు భాష కట్టేటప్పుడు ఆ లెక్క మీది.

వరసకి మన ఇంట్లోంచే సాక్ష్యం ఇస్తాను. చేయి. తమిళంలో కై, కన్నడలో కయ్. మూలం కయ్. మనకి చకారం ఎలా వచ్చింది? ఇ, ఎ లాంటి తాలవ్యాచ్చుల ముందు తెలుగులో కకారం చకారమవుతుంది. కన్నడ కివి, మన చెవి. కానీ కయ్‌లో ఉన్నది అకారం కదా? అకారం ముందు క మారదు. ముందు యకారం ప్రభావంతో కయ్ లోని అ కాస్తా ఎ అవ్వాలి. అప్పుడు కె ఏర్పడుతుంది, అప్పుడు చె. చేయి. మొదటి మార్పు రెండోదానికి దారి తీసింది. ఇక దీనికి ఎదురు ఉదాహరణ. 'కింద' అంటున్నాం. ఇకారం ముందే కకారం ఉంది. చింద ఎందుకు కాలేదు? ఎందుకంటే అది నిన్నమొన్నటి దాకా క్రింద. క కి ఇ కి మధ్యలో రకారం అడ్డం కూర్చుంది. ఆ రకారం జారిపోయేసరికి క ని చ చేసే సూత్రం కాలం చెల్లిపోయింది. చేయి, కింద, ఈ రెండు మాటల మధ్య తేడా అంతా వరసే. భద్రిరాజు కృష్ణమూర్తి వంటి పండితులు ద్రావిడ భాషల చరిత్రని తవ్వి తీసిన పద్ధతి ఇదే. వాళ్లు నేటి మాటల నుంచి వెనక్కి నడిచారు. టోల్కీన్ మూలం నుంచి ముందుకి నడిచాడు. దారి మాత్రం ఒక్కటే.

అచ్చుల్లో కూడా ఇదే ఆట ఉంది. నిప్పు క్వెన్యాలో నార్, సిందారిన్‌లో నౌర్. దీర్ఘమైన ఆ కాస్తా ఓ లాంటి ధ్వనిగా మారి, ఏకాక్షర పదాల్లో ఔ అయింది. మరి పాదం? క్వెన్యాలో తాల్, సిందారిన్‌లో కూడా తాల్. తౌల్ ఎందుకు కాలేదు? ఒక్క క్షణం ఆలోచించండి. అక్కడ మొదట ఉన్నది హ్రస్వం. తల్. ఆ నుంచి ఔ మారే రోజుల్లో దానికి దీర్ఘమే లేదు కనక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. చాలా కాలం తర్వాత సిందారిన్ ఏకాక్షర పదాల్లో హ్రస్వాలు దీర్ఘాలయ్యాయి. అప్పుడు తల్ తాల్ అయింది, కానీ ఔ సూత్రం అప్పటికే వెళ్లిపోయింది. ఇదే కథ ఒకారంలో. ఙోలే అన్న మూలంలో దీర్ఘం ఉంది, అంటే విద్య, గూఢవిద్య. అది సిందారిన్‌లో గూల్ అయింది, దీర్ఘ ఓ కాస్తా ఊ. మినాస్ మొర్గుల్ అన్న పేరులో చివర ఉన్నది అదే. న్దొర్ అన్న ధాతువులో ఉన్నది హ్రస్వం, అంటే నేల. అది దోర్ అయింది, దూర్ కాలేదు. గొందోర్, మొర్దోర్. చదివేవాడికి ఇదంతా తెలియదు, తెలియక్కర్లేదు. కానీ గూల్, దోర్ పక్కపక్కన వినబడితే ఏదో లోతు ఉందని చెవికి తెలుస్తుంది.

ఇప్పుడే రెండు మాటల్ని దాటవేశాను, గమనించారా? ఙోలే అన్నాను, గూల్ అన్నాను. న్దొర్ అన్నాను, దోర్ అన్నాను. మూలభాషలో మాట మొదట్లో మ్బ, న్ద, ఙ్గ లాంటి జంటలుండేవి. క్వెన్యా అనునాసికాన్ని ఉంచుకుని స్పర్శాన్ని, అంటే బ, ద, గ లని, వదిలేసింది. సిందారిన్ స్పర్శాన్ని ఉంచుకుని అనునాసికాన్ని వదిలేసింది. ఇల్లు క్వెన్యాలో మార్, సిందారిన్‌లో బర్. నేల క్వెన్యాలో నోరె, సిందారిన్‌లో దోర్. ఆస్తి పంచుకున్నట్టు చెరొకటి తీసుకున్నాయి. అయితే సిందారిన్ వదిలేసిన ఆ అనునాసికం నిజంగా పోయిందా? పోలేదు, దాక్కుంది. హౌధ్-ఎన్-న్దెంగిన్ అని ఒక గుట్ట ఉంది, హతుల దిబ్బ అని అర్థం. విడిగా అయితే హతుడు దంగెన్, హతులు దెంగిన్. మొదట్లో ఉత్త దకారమే. కానీ 'ఎన్' అన్న మాట ముందుకి రాగానే పాత న్ద మళ్లీ బయటికి వచ్చింది. మూలధాతువు న్దక్ కాబట్టి.

మనకీ ఇలాంటిది ఉంది. వాడు. పాత రాతలో వాఁడు, అరసున్నతో. దాని బహువచనం కొన్ని ప్రాంతాల్లో ఇప్పటికీ వాండ్లు. ఏకవచనంలో పోయిన అనునాసికం బహువచనంలో నిక్షేపంగా ఉంది. అలాగే తమిళులు పాంబు అంటారు, మనం పాము అంటాం. మ్బ కాస్తా మ అయింది. నాలుక అన్న మాటకి క్వెన్యాలో లంబె, సిందారిన్‌లో లమ్. పాంబుకి పాము ఎంతో లంబెకి లమ్ అంత.

ఇక ఒక్క పేరు తీసుకుని దాన్ని పొరలు పొరలుగా విప్పుదాం. ఇది కొంచెం నెమ్మదిగా చేద్దాం, ఎందుకంటే మొత్తం విద్య అంతా ఈ ఒక్క పేరులో ఉంది. క్వెన్యాలో తెల్పెరిన్‌క్వార్. సిందారిన్‌లో కెలెబ్రింబొర్. ఉంగరాలు చేసిన శిల్పి పేరు. రెండింటికీ అర్థం వెండి పిడికిలి. ఒకే పేరు అంటే నమ్మబుద్ధి కాదు. విప్పి చూద్దాం.

ముందు వెండి. మూలం క్యెలెపే. క్వెన్యాలో మొదటి క్య కాస్తా త్య అయింది, రెండో ఎకారం నలిగి మాయమైంది, త్యెల్పె. అది తర్వాత తెల్పె అని పలుకుతున్నారు, సోదరభాష తెలెరిన్ రూపం దీని మీద పడింది. సిందారిన్‌లో క్య లోని యకారం పోయింది, క మిగిలింది. అచ్చుల మధ్య పకారం బకారమైంది. చివరి అచ్చు రాలింది. కెలెబ్. ఇక్కడ ఆగి వరస చూడండి. చివరి అచ్చు ముందే రాలిపోయి ఉంటే పకారం తర్వాత అచ్చు ఉండేది కాదు, కెలెప్ అనే మిగిలేది. అంటే ముందు మెత్తబడింది, తర్వాత రాలింది. చివరి అచ్చు లేదు, కానీ అది ఒకప్పుడు ఉందని బకారం సాక్ష్యం చెబుతోంది. పోయినవాళ్లు వదిలిన గుర్తులాంటిది. కెలెబ్ నుంచి వెండితో చేసిన అన్న విశేషణం కెలెబ్రిన్.

రెండో సగం పిడికిలి. క్వెన్యాలో క్వారె. సిందారిన్‌లో క్వ ఎప్పుడూ ప అవుతుంది. చెప్పు అన్న ధాతువు క్వెత్, క్వెన్యాలో అలాగే ఉంది. సిందారిన్‌లో పెద్. టోల్కీన్ కథలో ఒక రాతి తలుపు మీద 'పెదొ మెల్లొన్ అ మిన్నొ' అని రాసి ఉంటుంది కదా, ఆ పెదొ ఇదే. హంస మూలం అల్క్వా, క్వెన్యాలో అల్క్వ. సిందారిన్‌లో ముందు అల్పా, లకారం పక్కన పకారం ఊదబడి, అల్ఫ్. సరే, పిడికిలికి వద్దాం. క్వ పోయి ప వచ్చింది, దీర్ఘ ఆ పోయి ఔ వచ్చింది, పౌర్. ఇప్పుడు రెండూ కలపాలి. కెలెబ్రిన్, పౌర్. సమాసంలో చివర ఉన్న అక్షరం మీద ఊనిక ఉండదు, కనక ఔ విచ్చుకోదు, ఒ దగ్గరే ఉండిపోతుంది. పొర్. నకారం పక్కన పకారం వచ్చింది. నకారం పెదాల దగ్గరికి జరిగి మకారమైంది, పకారం నాదం తెచ్చుకుని బకారమైంది. మ్బ. కెలెబ్రింబొర్. తెల్పెరిన్‌క్వార్, కెలెబ్రింబొర్. ఒక్క మెట్టు కూడా కవి ఇష్టానికి వేసింది కాదు. ప్రతి మెట్టూ ఇంకో యాభై మాటల్లో ఇలాగే ఉంది. అదీ అందం.

బహువచనాల సంగతి చెప్పకపోతే ఈ ప్రసంగం పూర్తి కాదు. మనిషి అన్న మాట క్వెన్యాలో అతన్, బహువచనం అతని, చివర దీర్ఘం ఒకప్పుడు ఉండేది. సిందారిన్‌లో ఏకవచనం అదన్, బహువచనం ఎదైన్. ఎక్కడి అదన్, ఎక్కడి ఎదైన్! కానీ దారి సూటిగానే ఉంది. అతనీ అన్న మూలంలో చివరి ఈ రాబోతోందని నోటికి ముందే తెలుసు. నాలుక ముందుగానే పైకి లేస్తుంది. అకారాలు ఎకారాలవుతాయి, ఎదెని. చివరి అక్షరంలో ఆ ప్రభావం ఇంకా గట్టిది, ఎదెయిన్, ఎదైన్. ఆ దారిలోనే చివరి అచ్చు రాలిపోయింది. ప్రత్యయం పోయింది, దాని నీడ మిగిలింది. అలాగే కొండ అమొన్, కొండలు ఎమిన్, ఆ ఇకారం పెదాలు గుండ్రంగా పెట్టి పలకాలి. ద్వారం అన్నొన్, ద్వారాలు ఎన్నిన్.

మనకి ఇది కొత్తా? మనిషి. బహువచనం మనుషులు. షి ముందున్న ని ఎందుకు ను అయింది? చివర 'లు' లోని ఉకారం వెనక్కి ప్రాకింది. గది, గదులు. పులి, పులులు. మన 'లు' ఇంకా బతికే ఉంది కాబట్టి మనకి వింతగా అనిపించదు. ఒక వెయ్యేళ్ల తర్వాత 'లు' రాలిపోయిందనుకోండి. ఏకవచనం మనిషి, బహువచనం మనుషు. గది, గదు. పులి, పులు. అప్పుడు మన తెలుగు అచ్చం సిందారిన్‌లా ఉంటుంది. ఇంగ్లీషులో ఫుట్, ఫీట్ కూడా ఇలా వచ్చినవే.

ధ్వని మార్పు అన్నది నోటి పని మాత్రమే కాదు, మనుషుల మధ్య పని కూడా. టోల్కీన్ 1968 ప్రాంతంలో రాసిన ఒక వ్యాసం, 1996లో అచ్చయింది, ప్రధానంగా ఒక్క ధ్వని గురించి. క్వెన్యాలో థకారం సకారంగా మారుతోంది. కథలో ఒక పెద్ద వంశం పెద్ద కొడుకు ఫెయనోర్ దానికి ఒప్పుకోడు. ఎందుకు? తల్లి పేరు థెరిందె, సూదిపని చేసే ఆమె అని అర్థం. తన పేరు థకారంతోనే పలకమని ఆమె కోరుకుంది. ఆమె చనిపోయింది. సవతి తల్లి ఇందిస్ సకారానికి మారింది. ఇక ఊరంతా సెరిందె అంటుంటే కొడుకుకి తల్లిని అవమానిస్తున్నట్టుంది. థకారం పలికేవాళ్లు అతని పక్షం, సకారం పలికేవాళ్లు అవతలి పక్షం. ఒక్క హల్లు దగ్గర ఇల్లు రెండుగా చీలింది. ఆ భాష లిపిలో ఒక అక్షరం పేరు థూలె, తర్వాత సూలె అని పిలిచారు. మార్పు జరిగిపోయాక కూడా అక్షరం రెండుగానే ఉంది. మన బండి ఱ లాగే. గుఱ్ఱం, కఱ్ఱ అని పెద్దవాళ్లు రాసేవారు, పలకడంలో ర తో కలిసిపోయింది, రాతలో మాత్రం చాలా కాలం నిలబడింది. మీ భాషకి లిపి కల్పిస్తే ఇలాంటి రెండు మూడు పాత అక్షరాలు వదిలిపెట్టండి. లిపి ఎప్పుడూ నోటికి వెనకే నడుస్తుంది.

ఇప్పుడు చేతిపని. మీలో చాలామంది సొంత భాషలు కట్టాలని వచ్చారు, వాళ్లకి.

మూలభాషకి పదిహేను హల్లులు, అయిదు హ్రస్వాలు, అయిదు దీర్ఘాలు చాలు. ముప్పై మాటలు రాయండి. మూడొందలు వద్దు, సూత్రం దిద్దిన ప్రతిసారీ మూడొందలూ దిద్దాలి. ముప్పైలోనూ ప్రతి హల్లూ మొదట్లో ఒకసారి, అచ్చుల మధ్య ఒకసారి, ఇంకో హల్లు పక్కన ఒకసారి వచ్చేలా చూడండి. లేకపోతే సూత్రం పనిచేసిందో లేదో తెలియదు. పది, పన్నెండు సూత్రాలు రాయండి. ప్రతి దానికీ మూడు భాగాలు ఉండాలి. ఏది, ఏదవుతుంది, ఎక్కడ. 'పకారం మెత్తబడుతుంది' అన్నది సూత్రం కాదు. 'పకారం, బకారమవుతుంది, రెండు అచ్చుల మధ్య', ఇది సూత్రం.

స్ప్రెడ్‌షీట్ తెరిచి వరసకి ఒక మాట, నిలువుకి ఒక సూత్రం పెట్టండి. సూత్రం తగలని చోట కూడా గడి ఖాళీగా వదలకండి, మారని రూపాన్నే మళ్లీ రాయండి. తప్పు ఎక్కడ మొదలైందో వెనక్కి వెళ్లి పట్టుకోవాలంటే అది కావాలి. సూత్రాలు ఇస్తే మాటల్ని మార్చిపెట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, మార్క్ రోజెన్‌ఫెల్డర్ చేసినది ఒకటి ఉచితంగా దొరుకుతుంది. కానీ మొదటి ముప్పై మాటలూ చేత్తోనే చేయండి.

తెలుగు లిపిలో పని చేసేవాళ్లకి ఒక ప్రత్యేక జాగ్రత్త. మన 'క' లో అకారం దాగి ఉంది, దానికి గుర్తు లేదు. 'చివరి అచ్చు రాలాలి' అని యంత్రానికి చెబితే 'గలద' లో చివరి అకారం దానికి కనబడదు. కనబడనిది ఎలా తీసేస్తుంది? 'గలదా' అయితే చివరి దీర్ఘం గుర్తు మాత్రం తీసి 'గలద' అని ఊరుకుంటుంది, అకారం అలాగే ఉండిపోతుంది. అందుకని ముందు వర్ణాలుగా విడగొట్టాలి. గ్, అ, ల్, అ, ద్, ఆ. ఒక్కో వర్ణానికి మధ్య ఖాళీ వదలండి. అన్ని సూత్రాలూ అయ్యాక మళ్లీ కలపండి.

ఎక్కడ చెడుతుంది? మూడు చోట్ల. మొదటిది, ఇందాక చెప్పిన వరస. రెండోది, అతిగా నలగడం. ప్రతి సూత్రమూ ఏదో ఒకటి తీసేసేదే అయితే పన్నెండో సూత్రానికి ముప్పై మాటల్లో పది మాటలు ఒకేలా ఉంటాయి. అప్పుడు సూత్రాలు తగ్గించకండి. నిజమైన భాషలు ఏం చేస్తాయో అది చేయండి, కొత్త ప్రత్యయం తెచ్చి అతికించండి. సిందారిన్‌లో గిల్ అంటే నక్షత్రం. అందులో ఉన్నది ఇకారమే, ఇక అచ్చు మార్చి బహువచనం చేయడానికి అక్కడ ఏమీ లేదు. సమూహాన్ని చెప్పడానికి 'అథ్' ఉంది, గిలియథ్, నక్షత్రసమూహం. ఒస్గిలియథ్ అన్న నగరం పేరులో అదే. మూడోది, అరువు మాటలు. పక్క భాష నుంచి మాట తెచ్చినప్పుడు అది ఎన్నో సూత్రం తర్వాత వచ్చిందో రాసుకోండి. అయిదో సూత్రం తర్వాత వచ్చిన మాటకి మొదటి అయిదు సూత్రాలూ వర్తించవు. చాలామంది ఇది మర్చిపోయి అరువు మాటని కూడా మొదటి నుంచి నలిపేస్తారు, అప్పుడది అరువు మాటలా ఉండదు. త్యెల్పె ఉండవలసిన చోట తెల్పె అని ఉందంటే, అది ఇంకో ఇంటి నుంచి వచ్చిందని దాని ముఖమే చెబుతుంది.

చివరగా, మీ చేతికి ఇచ్చిన కాగితం తీయండి. మీద ఆరు మాటలున్నాయి. అతర్, గలదా, రొక్కో, లంబే, ఙోలే, అతనీ. కింద సూత్రాలున్నాయి, కావాలనే వరస కలిపేశాం. చివరి అచ్చు రాలడం. అచ్చుల మధ్య తకారం దకారమవడం. క్క ఖకారమవడం. దీర్ఘ ఓ ఊ అవడం. అచ్చుల మధ్య దకారం ధకారమవడం. చివరి ఈ ముందు అకారాలు మారడం, చివరి అక్షరంలోది ఐ దాకా వెళ్తుంది. మ్బ మకారమవడం. మొదటి ఙకారం గకారమవడం. పది నిమిషాలు తీసుకుని సరైన వరస పెట్టండి. అదర్, గలధ్, రొఖ్, లమ్, గూల్, ఎదైన్ రావాలి. ఒక చిక్కు ముందే చెబుతున్నాను. ఎదైన్ దగ్గర చాలామందికి అదన్ అని వస్తుంది. వచ్చిందంటే చివరి అచ్చుని తొందరపడి రాల్చేశారన్నమాట. అది ఉండగానే పని చేయించుకోవాలి. కాగితం వెనక ఖాళీ గడులున్నాయి, పెన్సిల్‌తో రాయండి, కొట్టివేతలు ఉంటాయి.